ఛాతీ దగ్గర స్టాపింగు లేదు

అల్లూరు సెంటర్లో ఆయనకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. నాయుడుపేటలో మా చెల్లెలి ఇంట్లో వారం ఉండి వచ్చి, బస్సు దిగి, మా ఊరి ఆటో కోసం నిలబడి తలెత్తితే ఎదురుగా ఆయన. పైన రెండు తెల్ల పావురాలు, కింద ఒక దీపం, మధ్యలో ఆయన మొహం, గోడంత. ఫ్లెక్సీలు వేసేవాళ్ళ దగ్గర పోయినవాళ్ళందరికీ అవే పావురాలు ఉంటాయి కాబట్టి వాటి సంగతి నేనేమీ అనను. నేననేది ఆ కళ్ళ సంగతి. రెండూ బార్లా తెరుచుకుని ఉన్నాయి. మా అందరి చేత కళ్ళు మూయించడమే పనిగా పెట్టుకున్న మనిషి, పోయాక కూడా ఎవరు తెరిచారా అని సెంటరంతా కలయజూస్తున్నాడు.

పోయాడని ఫోన్లో చెప్పారు. ఆ చూపు చూశాకే నమ్మాను.

"కళ్ళు తెరిచినోళ్ళు ఎవురో నాకు తెలస్తానే ఉండాది," అనేవాడు శ్వాస క్లాసు మధ్యలో.

"మీకెట్టా తెలస్తాది సార్? మీ కళ్ళు తెరిచి ఉంటేనే గదా తెలిసేది," అన్నాను మొదటిరోజే.

"డ్రైవరు కళ్ళు మూసుకోడమ్మా," అన్నాడు.

అక్కడ మొదలైంది ఆయనకూ నాకూ.

ఆయన పేరు రాయను. ఊళ్ళో కూడా ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు. కంట్రోలరు సారు అనేవాళ్ళం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండ్లలోనే చేశాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో, ఎప్పుడు కదలాలో మైకులో చెప్పే కంట్రోలరు. చేతిగడియారం డయలు మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేవాడు. కాఫీ గ్లాసు ఎత్తినా, మీసం దువ్వుకున్నా టైము దానంతటది కళ్ళముందుకు వచ్చేది. పెళ్ళికి వస్తే అక్షింతలు వేస్తూ ముహూర్తం ఎంత ఆలస్యమైందో పురోహితుడికి చెప్పేవాడు. చావుకు వస్తే పాడె లేవడం లేటవుతోందని పోయినాయన కొడుకుల కంటే ఎక్కువ బాధపడేవాడు. ఇడ్లీ చల్లారేదాకా ఆగడం ఆయన వల్ల కాదు. నోట్లో పెట్టుకున్నాక, అక్కడ ఊదుకునేవాడు. ఆయన ఊపిరి గురించి మా ఊరికి తెలిసిన మొదటి సంగతి అదే.

రిటైరైన కొన్నాళ్ళకు ఆయనకు గుండెపోటు వచ్చింది. నెల్లూరులో డాక్టరు స్టెంటు వేసి, ఇక నిమ్మళంగా ఉండాలి, ఊపిరి మీద ధ్యాస పెట్టి రోజూ కాసేపు కూర్చోవాలి అని చెప్పి పంపాడు. డాక్టరు చెప్పింది నిమ్మళంగా ఉండమని. ఆయనకు వినపడింది ఊరందరినీ నిమ్మళంగా ఉంచమని. సామాన్లు కట్టుకుని భార్య పుట్టిన ఊరు, అంటే మా ఊరు, వచ్చి దిగాడు. దిగిన వారంలోనే శ్వాస క్లాసు మొదలుపెట్టాడు. ఎక్కడ నేర్చుకున్నారు సార్ అంటే, ఫోన్లో వీడియోలు చూసి అన్నాడు. ఆ వీడియోలు ఆయన చూస్తుండగా నేను విన్నాను. మెల్లగా, మెత్తగా మాట్లాడే ఆ గురువుల గొంతులన్నీ డబుల్ స్పీడులో పెట్టుకుని చూస్తున్నాడు. నిదానం గురించి అంత త్వరగా నేర్చుకున్న మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

క్లాసు తుఫాను షెల్టరు మేడ మీద. తుఫాను వస్తే ఊరంతా తలదాచుకోవడానికి కట్టిన ఆ కట్టడంలో, రాని ఏళ్ళలో వడ్లు ఆరబోసుకుంటాం, పేకాడుకుంటాం. ఆయన దాన్ని చిమ్మించి, పట్టలు పరిపించి, గోడకు గడియారం కొట్టించాడు. పొద్దు పొడిచే వేళకు క్లాసు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మెట్ల దగ్గరే, "బండి పొయ్యింది, రేపు రా," అని చెప్పేవాడు.

నేనెందుకు వెళ్ళానంటే, బీపీ. మాకు రొయ్యల గుంటలున్నాయి. బీకాం చదివి రొయ్యలకు మేత వేస్తుందని మా అత్త చచ్చేదాకా అన్నది, ఆ మేత మీద వచ్చిన అన్నమే తిన్నది. గుంటలను నేను చూసుకుంటాను, నన్ను మా ఆయన చూసుకుంటాడు. రెండో పనే కష్టమని ఆయన ఉద్దేశం. డాక్టరు మాత్రలు రాసి, "కొంచెం తక్కువగా మాట్లాడితే మంచిదమ్మా," అన్నాడు. ఎవరికి మంచిది అని అడిగాను. ఆయన మా ఆయన వైపు చూశాడు. మర్నాడే మా ఆయన నన్ను శ్వాస క్లాసులో చేర్పించాడు. ఆ చేర్పించడంలో ఆయన పడ్డ ఆత్రం చూస్తే, ముందు ఎవరికి వైద్యం చేయించాలో నాకు అర్థమైంది.

మా చెల్లెలు నాయుడుపేటలో ఇదే ఊపిరిని డబ్బు కట్టి నేర్చుకుంటుంది. ఏసీ హాల్లో, ఊదారంగు చాప మీద, స్పీకర్లో సముద్రపు హోరు పెట్టి నేర్పిస్తారట. హోరు కావాలంటే ఆటో ఎక్కి మా ఊరు రావే అన్నాను. "మీ సముద్రం కాడ నీచు వాసనక్కా," అంది. లోపలికి పీల్చే గాలికి కూడా రకాలున్నాయని అప్పుడే తెలిసింది.

మా సారు క్లాసులో అవేమీ లేవు. ఆయన మెడలో ఒక విజిల్ ఉండేది. అది ఊదగానే వెన్ను నిటారుగా పెట్టి కళ్ళు మూసుకోవాలి.

"ఊపిరి లోపలికి. రైట్." మేము పీల్చేవాళ్ళం. "హోల్డాన్." బిగబట్టేవాళ్ళం. "బయటికి. రైట్ రైట్." వదిలేవాళ్ళం. సగం మందికి ఆ మాట వినగానే చెయ్యి పైకి లేచేది, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుందేమోనని.

తర్వాత ఒళ్ళంతా ధ్యాస నడిపించడం. ఒక్కొక్క భాగం మీదా మనసు నిలిపి, అక్కడ బిగువుంటే వదిలించుకోవాలి. వినడానికి బాగానే ఉంటుంది. ఆయన నడిపించే తీరు వేరు.

"ధ్యాస కాలివేళ్ళ మీద. మడమలు. పిక్కలు. మోకాళ్ళు. తొడలు. నడుము..."

"సార్, మోకాళ్ళ కాడ రవంతసేపు ఆపండి. నాకు ఆడ పనుండాది, నొప్పి."

"ఇది ఎక్స్‌ప్రెస్సమ్మా. మోకాళ్ళకి స్టాపింగు లేదు."

"డాక్టరు నన్ను ఆర్డినరీ ఎక్కమన్నాడు సార్."

"అయితే టికెట్టు తీసుకునేటప్పుడే చూసుకోవాల. పొట్ట. గొంతు. దవడలు."

ఈ పరుగులో నేను పట్టుకున్న సంగతి ఒకటుంది. రోజూ అదే దారి, రోజూ పొట్ట నుంచి గొంతుకు. ఒకరోజు అడిగాను.

"సార్, మధ్యలో ఛాతీ ఏమైపొయ్యింది?"

ఆయన ఒక క్షణం ఆగాడు. క్లాసులో ఆయన ఆగడం అదే మొదలు.

"డైవర్షనమ్మా. ఆడ రోడ్డు బాగలేదు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా.

మాలో మంచి విద్యార్థి అని ఆయన మెచ్చుకున్నది ఒక్క ఖాదర్‌నే. ఖాదర్‌ది ఐసు వ్యాపారం. రొయ్యలు పట్టిన రోజున అతని ఐసు లేకపోతే మా సరుకు సెంటరు దాటదు. గోడకానుకుని కూర్చుని రెండో హోల్డాన్‌కే నిద్రపోయేవాడు.

"చూడండి ఖాదర్‌ని. ఎంత లోతుకు పొయినాడో," అనేవాడు సారు.

"లోతుకు కాదు సార్, గురకకు పొయినాడు."

ఖాదర్ ఒక కన్ను తెరిచి, "ఏందక్కా, పండుకున్నోడి మీద పడతావు," అన్నాడు. "నమాజు చేసుకోని, ఐసు దింపి వచ్చినా. ఇంటికి పోతే పిల్లకాయలు పండుకోనియ్యరు. ఈడన్నా నన్ను నిమ్మళంగా ఉండనీ."

ఆ క్లాసుకు వచ్చినందుకు నిజంగా లాభపడినవాడు అతనొక్కడే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

సారు భార్యను నేను అక్కా అంటాను. ఊరి వరసే. ఆమె నడక, మాట, పని అన్నీ నింపాదిగా ఉంటాయి. చేప కడగడానికి కూర్చుంటే ఆ చేపకు కూడా విసుగు పుట్టాలి. ఈ ఇద్దరూ అన్నేళ్ళు ఒక ఇంట్లో ఎలా కాపురం చేశారని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకరోజు పెరట్లో మట్టగిడసలు తోముతూ, తలెత్తకుండా అంది.

"నువ్వు అందరితో పోట్లాడతావు గదమ్మా."

"ఎవురక్కా చెప్పింది?"

"ఎవురు జెప్పాల. నీ గొంతు మా పెరట్లోకే వస్తాది." చేప తిప్పింది. "ఆయనతో గూడా పోట్లాడు. ఒక్క తూరి కళ్ళు మూసుకోని కూచోమని. ఊరందరికీ చెప్తాడు, ఆయన కూచోడు. మంచం మీద పండుకోని గూడా రెండు కళ్ళూ తెరుచుకోని పంకా వంక చూస్తా ఉంటాడు. ఈ బిరబిర ఇట్టానే ఉంటే ఇంకో తూరి వస్తాది, వస్తే మా చేతుల్లో ఉండదని డాక్టరు నాతో జెప్పినాడు. నేను చెప్తే, నాకు క్లాసు ఉండాదే అంటాడు."

కాబట్టి నేను ఆయనతో ఊరికే పోట్లాడలేదు. నాకు ఉత్తర్వులున్నాయి.

"సార్, రేపు క్లాసు నేను చెప్తా. మీరు మాలో కూచోండి."

"నీకు టైమింగు రాదమ్మా."

"ఒక్క పూట సార్. గడియారం గోడకే ఉండాది గదా, పారిపోదు."

పది రకాలుగా అడిగితే ఒకనాటికి ఒప్పుకున్నాడు. విజిల్ మాత్రం ఇవ్వలేదు. నేను ముందు కూర్చున్నాను, ఆయన పట్ట మీద కూర్చున్నాడు. కళ్ళు మూయండి అన్నాను. ఒక కన్ను మూశాడు.

"సార్, రెండోది?"

"అది డ్యూటీలో ఉండాదమ్మా."

నేను మూడు ఊపిర్లు చెప్పేలోపే నా ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ ఎక్కువైందని లేచి, మళ్ళీ డ్రైవరు సీట్లోకి వెళ్ళిపోయాడు.

ఇక ఆయనకు మా ఊరి మీద ఉన్న ఒకే ఒక ఫిర్యాదు, చప్పుడు. రొయ్యల గుంటలు తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుంటలో రొయ్యలు కిక్కిరిసి ఉంటాయి. నీళ్ళలో ఉన్న గాలి వాటికి చాలదు. అందుకని ఏరేటర్లు పెడతాం. నీళ్ళను చిలికి గాలి కలిపే రెక్కల చక్రాలు. అవి పగలనక రాత్రనక తిరుగుతూనే ఉండాలి. తెల్లవారేటప్పుడు నీళ్ళలో గాలి మరీ తక్కువ. ఆ వేళప్పుడు కరెంటు పోయి చక్రాలు ఆగితే, జనరేటరు వేయడం ఆలస్యమైతే, పంటంతా తేలిపోతుంది. ఆ చక్రాల హోరు మా ఊళ్ళో ఎవరికీ వినపడదు. పుట్టిన పిల్లకాయలు ఆ హోరులోనే నిద్రపోతారు. అది ఆగినప్పుడు మాత్రం చెవుడున్నవాళ్ళకు కూడా వినపడుతుంది.

సారు బస్టాండు మనిషి. ఆయనకు అది న్యూసెన్సు.

"క్లాసు అయ్యేదాకా ఆ చక్రాలు ఆపుకోలేరా మీరు? ఈ రొదలో ధ్యానం ఎట్టా కుదురుతాది?"

"ఆపితే రొయ్యలు ధ్యానంలోకి పోతాయి సార్. మళ్ళా లేవవు."

"అంతా డబ్బు యావమ్మా మీకు," అనేవాడు బాధగా. లోపలి నిశ్శబ్దం వినాలంటే ముందు బయటి నిశ్శబ్దం ఉండాలని వీడియోలో చెప్పారట.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఆ నిశ్శబ్దం వచ్చింది. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. ధ్యాస నడుము దాకా నడిచింది. ఉన్నట్టుండి ఊరి చుట్టూ ఉన్న హోరు మొత్తం ఒక్కసారిగా తెగిపోయింది. దూరంగా సముద్రం వినపడింది. కాకి వినపడింది.

"ఆహా," అన్నాడు సారు. ఆయన గొంతు అంత నెమ్మదిగా ఉండగా నేను ముందెప్పుడూ వినలేదు. "వినండి. ఇదీ నిశ్శబ్దమంటే. దీనికోసమే గదా ఇన్నాళ్ళూ..."

ఆ వాక్యం ఎలా పూర్తయిందో నాకు తెలియదు. అప్పటికే అందరం లేచాం. చెప్పులు ఎవరూ వెతుక్కోలేదు. ఆయన అర్థం కాక చూసి, మెట్ల దగ్గరికి ఉరికి, రెండు చేతులూ బార్లా చాచి అడ్డం నిలబడ్డాడు.

"హోల్డాన్. హోల్డాన్. ఎవురూ దిగబాకండి. సెషన్ కాలా."

బస్సులైతే ఆగేవేమో. మేము ఆయన చంకల కింద నుంచి దూరి దిగిపోయాం. వెనక నుంచి విజిల్ మోగుతూనే ఉంది. గుంట లేని ఖాదర్ నిద్రమొహంతోనే నాకంటే ముందు మా గుంట కట్ట మీద ఉన్నాడు. మా ఆయన జనరేటరును తిడుతున్నాడు, ఖాదర్ హ్యాండిల్ తిప్పుతున్నాడు. గుంటలో రొయ్యలు అంచులకు వచ్చి, నీటి పైన మీసాలు ఆడిస్తున్నాయి. నా ఊపిరి ఆ క్షణంలో ఎక్కడుందో నాకు తెలియదు. రైట్ అనేవాళ్ళు లేరు, హోల్డాన్ దానంతటదే అయ్యింది. జనరేటరు దగ్గి, పొగ కక్కి, అందుకుంది. చక్రాలు కదిలాయి. నీళ్ళు తెల్లగా చిట్లాయి. ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు చూశాను. కట్ట మీద, కొబ్బరి మొక్క పక్కన, సారు కూలబడి ఉన్నాడు. మా వెనకే పరిగెత్తుకుని వచ్చాడు, మమ్మల్ని మళ్ళీ క్లాసుకు తీసుకుపోవడానికి. విజిల్ నోట్లోనే ఉంది. ఊపిరి వదిలినప్పుడల్లా అది సన్నగా కూస్తోంది. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

అక్క వస్తోంది. ఆమె పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. వచ్చి ఆయన నోట్లోంచి విజిల్ తీసేసి, కొంగు ముడి విప్పి, అందులోని మాత్ర ఆయన నాలుక కింద పెట్టింది. ఆ ముడి ఆమె కొంగుకు ఎప్పుడూ ఉండేదట. ఏ చీర కట్టినా.

ఖాదర్ ఆటో తేవడానికి పోయాడు. మేము ముగ్గురం కట్ట మీద కూర్చున్నాం.

"సార్, ఇప్పుడన్నా కళ్ళు మూసుకోండి. ఊపిరి నిమ్మళంగా తీసుకోండి."

"మూసుకోనమ్మా."

"మూసుకుంటే ఏమి?"

ఆయన ఛాతీని వేలితో తట్టి, "మూసుకుంటే ఇది వినపడ్తాది," అన్నాడు. "ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ వినపడ్తానే ఉండాది. టకటకమంటా. నేను దాన్నే వింటా ఉంటా, ఎప్పుడు ఆగతాదో అని. మీ మధ్యన కూచోని నేను అరస్తా ఉంటే అది వినపడదు. అందుకే ఈ క్లాసు."

నాతో వాదించినవాళ్ళలో అంత నిజం చెప్పి నన్ను ఇరుకున పెట్టినవాళ్ళు తక్కువ. కానీ నాకు ఉత్తర్వులున్నాయని చెప్పాను కదా.

"ఈ చక్రాలు మీకు వినపడ్తా ఉండాయా సార్?"

"చెవులు పోతా ఉండాయి."

"నాకు వినపడవు. అవి తిరిగేటప్పుడు వినేది నా పని కాదు. తిరిగేదాన్ని కూడా చెవిపెట్టి వింటా కూచుంటే మా ఊరు ఊరంతా ఎప్పుడో పిచ్చాసుపత్రిలో ఉండేది. కాపలాకి మనిషిని పెట్టుకుంటాం, పండుకుంటాం. ఆగితే లేస్తాం."

"మీది ఆగితే మీరు లేస్తారు. నాది ఆగితే నన్ను లేపేదెవురమ్మా?"

నేను నోరు తెరిచాను.

"నేను ఉండా గదయ్యా," అంది అక్క. చేప తోమేటప్పటి గొంతే. "నేను చూస్తా ఉంటా. నేను లేపతా. నువ్వు మూసుకో."

ఆయన ఆమెను చూశాడు. గడియారం చూశాడు. "ఎంతసేపు?" అన్నాడు.

"ఆటో వచ్చేదాకా."

మూసుకున్నాడు. రెండూ. ఛాతీ మీద ఉన్న ఆయన చేతి మీద ఆమె తన చెయ్యి వేసింది. ఆ చేతికి ఇంకా చేపల వాసన ఉండే ఉంటుంది. చక్రాలు నీళ్ళను చిలుకుతున్నాయి. ఎక్స్‌ప్రెస్సు మొత్తానికి అక్కడ ఆగింది. ఆయన భుజాలు చొక్కాలో కిందికి దిగడం నా కళ్ళతో చూశాను. అన్నాళ్ళూ అవి చెవుల దగ్గర ఉండేవని అప్పుడే గమనించాను.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. కళ్ళు తెరిచి, గడియారం చూసి, "లేటు," అన్నాడు ఖాదర్‌తో.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక క్లాసు షెల్టరు మేడ దిగి మా గుంట కట్ట మీదికి మారింది. విజిల్ ఒక్కసారి ఊది, తానే ముందు కళ్ళు మూసుకునేవాడు. ఎదురుగా అక్క, ఒళ్ళో చింతచిగురో చిక్కుడుకాయలో పెట్టుకుని, కళ్ళు తెరిచి కూర్చునేది. ఆమె పని అదే. ఇక క్లాసులో రైట్ లేదు, హోల్డాన్ లేదు, తిట్లు లేవు. వారం తిరిగేసరికి జనం పలచబడ్డారు. ఎవరు ఎప్పుడు కళ్ళు తెరిచినా అడిగేవాడు లేకపోతే మూసుకోవడంలో రుచేముంది? మనుషులకు నిమ్మళం నేర్పేవాడు కావాలి, దాని గురించి రోజూ నాలుగు ముక్కలు అరిచేవాడు కావాలి. నిమ్మళం అక్కర్లేదు. క్లాసు వాట్సాప్ గ్రూపు మాత్రం ఈరోజుకీ నడుస్తోంది. అందులో పొద్దున్నే తామరపువ్వులు పంపుకుంటారు.

చివరికి మిగిలింది నేనూ ఖాదరూ. అతనికి వేరే పండుకునే చోటు లేక, నాకు వేరే వాదించే మనిషి లేక. నా బీపీ తగ్గిందని డాక్టరు అన్నాడు. అది తన మాత్రల వల్ల అని ఆయన, తన ఓర్పు వల్ల అని మా ఆయన. నేను ఎవరితోనూ వాదించలేదు. అది చూసి మా ఆయన కంగారుపడి మళ్ళీ చూపించుకోమన్నాడు.

ఒకరోజు అలా కూర్చుని ఉండగా, సారు కళ్ళు మూసుకునే, "అమ్మా, మోకాళ్ళ కాడ ఆపినా. దిగు," అన్నాడు.

"తమరు ఏడ దిగినారు సార్?"

"పైన. రోడ్డు వేస్తా ఉండారు. నిమ్మళంగా పోవాల."

ఫ్లెక్సీ చూసి, బస్సు దిగిన కాళ్ళతోనే వాళ్ళింటికి వెళ్ళాను. వసారా నిండా పరామర్శకు వచ్చినవాళ్ళు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, ఎప్పుడు లేస్తే బాగుంటుందో లెక్కవేసుకుంటూ ఉన్నారు. సారు ఉండుంటే ఎవరి టైము వాళ్ళకు చెప్పి పంపించేవాడు. ఖాదర్ ఒక మూల గోడకానుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. గురక లేదు.

నేను అక్క పక్కన కూర్చున్నాను.

"ఆ ఫోటో ఏందక్కా, కళ్ళు అట్టా తెరుచుకోని."

"ఉద్యోగం కార్డుదమ్మా. మూసుకున్నప్పుడు తీయాలని ఎవురికి తోస్తాది."

తర్వాత తనే చెప్పింది, ఎప్పటి గొంతుతోనే, ఆగి ఆగి.

"ఆ పొద్దు కట్ట మీదకి రాలా. ఈ వసారాలోనే కూచున్నాడు. చక్రాలు తిరగతానే ఉండాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను ఎదురుగా చిక్కుడుకాయలు తుంచతా ఉండా. చూస్తానే ఉండానమ్మా, తల తిప్పలా. కాయలన్నీ అయిపొయినాయి, ఆయన లేవలా. రోజూ అయితే ఆ పాటికి గడియారం చూసుకునేవాడు. ఊపిరి ఆడతా లేదని నాకు తెలిసింది. తెలిసి గూడా రవంతసేపు లేపలా. అట్టనే చూస్తా కూచున్నా. ఇన్నాళ్ళకి కుదురుగా కూచున్నాడు గదా, ఎందుకు లేపేదని." నా వైపు తిరిగింది. "లేపతానని మాటిచ్చినా గదమ్మా కట్ట మీద, నీ ఎదురుగానే. లేపుంటే లేచుండేవాడా?"

ఆమె అడిగింది ఊళ్ళో అందరికంటే ఎక్కువ మాట్లాడేదాన్ని. అడిగినప్పుడు చెప్పాలి.

"లేచుండేవాడక్కా. లేచి, టైమెంత అని అడిగుండేవాడు. నువ్వు చెప్తే, లేటు అనుండేవాడు."

అక్క నవ్వింది. చిన్నగా కాదు, గట్టిగానే. వచ్చినవాళ్ళంతా తలలు తిప్పి మా ఇద్దరి వైపు చూశారు. మూలన ఖాదర్ కళ్ళు తెరిచాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కొంగు ఎత్తి మొహానికి అదుముకుంది. ఆ కొంగుకు ముడి అలాగే ఉంది, లోపల మాత్రతో సహా.